రోజుకి రెండు వందల ఎనభై ఎనిమిది సార్లు

"ఎవలా రత్నం? అది తేలిందాకా నాను సంతకం ఎట్టను."

సోమవారం ఉదయం అప్పయ్యమ్మ గారు మా ల్యాబులో కూర్చుని అన్న మాట ఇది. బల్లకి అటువైపు డాక్టర్ పరాంకుశం గారు, పక్కన నేను, మధ్యలో అంగీకార పత్రం. పెన్ను మూత తీసే ఉంది. ఆవిడ దాని వైపు చూడను కూడా చూడలేదు.

"అమ్మా, శుక్రవారంతో గడువు అయిపోతుంది. ఇంటివాళ్ళ సంతకం లేకపోతే చట్టప్రకారం మేం బిళ్ళ ఆపెయ్యాలి. ఆపేస్తే పైడిరాజు గారికి..." అని డాక్టరు గారు నీళ్ళు నమిలారు.

"ఏటవుద్దో నాకు తెలుసు బాబూ. ఇంటికి దారి మర్సిపోతాడు. కూతురి పెళ్ళి మర్సిపోతాడు. ఆ రత్నాన్ని కూడా మర్సిపోతాడు గదా. మర్సిపోనీ."

అప్పయ్యమ్మ గారికి అరవై దాటాయి. అల్లిపురంలో మునిసిపల్ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త కోరాడ పైడిరాజు పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఐదేళ్ళ కిందట ఆయన మెదడులో ఒక పక్కని జబ్బు తినెయ్యడం మొదలుపెట్టింది. తినేసేలోపు మా ల్యాబు వాళ్ళు ఆ పక్కనున్న జ్ఞాపకాలని చదివి, పదకొండు వందల ముక్కలుగా ఒక కంప్యూటర్లో దాచారు. ఆయన చెవి వెనకాల చర్మం కింద చింతగింజంత బిళ్ళ పెట్టారు. ఏదైనా గుర్తు తెచ్చుకోబోతే, ఆ బిళ్ళ ఇంటి పక్కనున్న టవరు ద్వారా మా కంప్యూటర్ని అడుగుతుంది, అది రెప్పపాటులో పంపుతుంది. ఆయనకి ఇదేం తెలియదు. గుర్తొచ్చింది అనుకుంటాడు, అంతే. ఇలాంటి వాళ్ళు దేశం మొత్తం మీద తొమ్మిది మంది ఉంటే, తొమ్మిది మందీ మా దగ్గరే ఉన్నారు.

గొడవేమిటంటే, ఆరు నెలల నుంచీ పైడిరాజు గారు ఒకే మాట పట్టుకున్నారు. అన్నం తింటూ ఆగిపోయి "రత్నం, గొడుగట్టుకెళ్ళు" అంటారు. స్నానానికి వెళుతూ అంటారు. నిద్రలో అంటారు. ఎవరా రత్నం అని అడిగితే "ఏమో" అంటారు. ఆ ఏమో విన్నప్పటి నుంచి అప్పయ్యమ్మ గారు ఆయనతో మాట్లాడటం మానేసింది.

"మీ కంప్యూటర్లో అన్నీ రాసుంటాయట గదా పాపా?" అని నా వైపు తిరిగింది. "ఆయన రోజుకి ఎన్నిసార్లు దాన్ని తల్సుకుంటన్నాడు, ఎన్నిసార్లు నన్ను తల్సుకుంటన్నాడు. ఆ రెండూ సెప్పు. అప్పుడు ఎడతాను సంతకం."

డాక్టరు గారు నన్ను చూశారు. నేను తలూపాను. అలా ఊపకుండా ఉండాల్సింది.

నా పేరు సువర్చల. ఈ ల్యాబులో కంప్యూటర్లన్నీ నా నెత్తి మీదే ఉన్నాయి. వాటిని కట్టింది నేను కాదు. భుజంగరావు గారని ఒక పెద్దమనిషి ఒంటిచేత్తో కట్టి, పదేళ్ళు నడిపి, ఒక మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే గుండె ఆగి పోయారు. పోయే ముందు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతకుముందు నేను ఒక జిల్లా పత్రికకి వెబ్‌సైటు చూసేదాన్ని. జూన్‌లో ఇక్కడ చేరి చూస్తే, జ్ఞాపకాల కంప్యూటర్ కూడా మామూలు వెబ్ సర్వరే. ఆయన కూడా ఒకప్పుడు వెబ్‌సైట్లు నడిపిన మనిషే కదా, తెలిసిన విద్యే వాడుకున్నారు. పత్రికలో వార్త ఎలాగో ఇక్కడ జ్ఞాపకం అలాగే ఒక పేజీ. ఎవరు ఏ పేజీ ఎప్పుడు అడిగారో సర్వరు ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాని కూడి, ఏ పేజీకి ఎన్ని అడుగులు పడ్డాయో చూపే రిపోర్టులు కూడా ఉన్నాయి. పోనీలే, తెలిసిన సంసారమే అనుకున్నాను.

సర్వర్లకి ఆయన మా వైపు నదుల పేర్లు పెట్టారు. పైడిరాజు గారి జ్ఞాపకాలున్నది నాగావళిలో. సోమవారం మధ్యాహ్నం నాగావళి రిపోర్టుల పేజీ తెరిచాను. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. పేరు, పాస్‌వర్డ్.

ఆరు నెలల్లో ఆ పేజీ జోలికి వెళ్ళవలసిన అవసరం నాకు రాలేదు. ఆయన సొరుగులో ఒక డైరీ ఉంది. అందులో పద్నాలుగు పాస్‌వర్డులు ఉన్నాయి, గ్యాస్ బుకింగుది కూడా ఉంది, ఇది మాత్రం లేదు. పద్నాలుగూ కొట్టి చూశాను. తర్వాత ఆయన నక్షత్రం, ఆయన స్కూటరు నెంబరు, నదుల పేర్లు వరసగా కొట్టాను. వంశధార దగ్గరికి వచ్చేసరికి నాగావళి నన్ను దొంగ అనుకుని గంటసేపు తలుపులు మూసేసింది. నా ఆఫీసులో, నా కుర్చీలో, నేను చూసుకునే యంత్రం నన్ను బయటికి నెట్టింది. ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

భుజంగరావు గారి భార్యకి ఫోన్ చేశాను. "ఆయన నాకు ఏటీఎం నెంబరే చెప్పలేదమ్మా" అందావిడ. ఆ తర్వాత పావుగంట ఆయన గురించే మాట్లాడింది. ఫోన్ పెట్టెయ్యడానికి నాకు మనసు రాలేదు.

మంగళవారం పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే బుర్ర వెలిగింది. పాత పాస్‌వర్డు నాకెందుకు? సర్వరు గదికి యజమానిని నేనే. అక్కడ ఏదో ఒక ఫైల్లో లోపలికి రానివ్వవలసిన వాళ్ళ పేర్లు, వాళ్ళ పాస్‌వర్డులు గజిబిజి చేసి రాసి ఉంటాయి. ఆ గజిబిజిని ఎవరూ విప్పలేరు, నిజమే. కానీ కింద నా పేరు, నా పాస్‌వర్డు కొత్తగా ఒక వరస రాసుకోవడానికి అడ్డేముంది? పత్రికలో ఉండగా కొత్తగా వచ్చిన విలేకరులకి ఇదే పని పదిసార్లు చేసిపెట్టాను. ఒక రోజంతా చచ్చిపోయిన మనిషి మనసులోకి దూరడానికి తంటాలు పడ్డాను తప్ప, ఈ చిన్న పని తట్టలేదు.

అయితే ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే సెట్టింగుల కాగితం, అదీ కంప్యూటర్లో ఒక ఫైలే, ఒకటి కాదు, మూడున్నాయి. మొదటిది దొరకగానే సంబరపడిపోయి మార్చాను. ఏమీ కాలేదు. రెండోది మార్చాను. పెట్టె చెక్కు చెదరకుండా అలాగే నిలబడి పేరు అడిగింది. భోజనం కూడా చెయ్యకుండా సాయంత్రం నాలుగింటి దాకా వెతికితే, నిజంగా పనిచేస్తున్న కాగితం "పాతవి, తీసెయ్యాలి" అనే ఫోల్డర్లో దొరికింది. పనికొచ్చే దాన్ని చెత్తలో పెట్టి, చెత్తని షోకేసులో పెట్టిన ఆ మహానుభావుణ్ణి కాసేపు నోరారా తిట్టుకున్నాను.

ఆ కాగితంలో, తాళం సంగతి ఉన్న చోట, యంత్రం పట్టించుకోకుండా మనుషులు చదువుకోవడానికి రాసే రెండు వరసలు కనపడ్డాయి.

"ఈ లెక్కలు ఇంటివాళ్ళకి చూపించకండి. నేను ఒకసారి చూపించి తప్పు చేశాను. వాళ్ళు అంకెని చూసి మనిషి అనుకుంటారు."

తిట్టడం ఆపేశాను. ఎవరికి చూపించారో, ఏ ఇంట్లో ఏం జరిగిందో రాయలేదు. నేనేమో సోమవారం తలూపి కూర్చున్నాను. కొత్త పేరు రాసే ముందు చాలాసేపు ఆలోచించాను. రాయకపోతే శుక్రవారం ఒక మనిషి ఇంటికి దారి మర్చిపోతాడు. రాశాను. పెట్టెలో నా పేరు కొట్టగానే రిపోర్టు తెరుచుకుంది.

మొదటి వరసలో ఉంది. "రత్నం గొడుగు". ఈ ఏడాది యాభై ఆరు వేల పైచిలుకు సార్లు.

రెండో వరస "క్రేను మెట్లు". నాలుగు వందల పన్నెండు సార్లు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. యాభై ఆరు వేలు. ఏ మనిషైనా ఎవరినైనా అన్నిసార్లు తలుచుకుంటాడా? కొత్తగా ప్రేమలో పడ్డవాడు కూడా తలుచుకోడు. తర్వాత వెతుకుడు గడిలో అప్పయ్యమ్మ అని కొట్టాను. ఒక్కటీ లేదు. అడిగినవి సున్నా, దాచినవీ సున్నా. పదకొండు వందల జ్ఞాపకాల్లో ఎక్కడా ఆవిడ పేరు లేదు.

నాకేమీ అర్థం కాలేదు. నలభై ఏళ్ళు పక్కన పడుకున్న భార్య ఒక్క పేజీలో కూడా లేకుండా, ఎవరో గొడుగు తీసుకెళ్ళిన ఆడది యాభై ఆరు వేల సార్లు ఉండటమేమిటి? ఈ అంకెలు పట్టుకెళ్ళి ఆవిడకి ఏమని చెప్పను?

చెప్పకుండా ముందు మనిషిని చూద్దామని బుధవారం పొద్దున్నే అల్లిపురం వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. పైడిరాజు గారు గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నల్లగా, పొడుగ్గా, పెద్ద చేతులతో ఉంటారు. నన్ను చూసి నిండుగా నవ్వారు.

"రండమ్మా. ఆస్పత్రి పాప గదా నువ్వు. ఇదిగో, ఈ అమ్మాయికి టీ అట్రా" అని లోపలికి కేకేశారు.

అప్పయ్యమ్మ గారు టీ గ్లాసు నా చేతికిచ్చి, ఆయన గ్లాసు పక్కనున్న స్టూలు మీద పెట్టి, మాట లేకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఆవిడ వెనకే చూస్తూ ఉండిపోయారు.

"కోపం మీదున్నాది" అన్నారు మెల్లిగా. "ఎందుకో సెప్పదు."

"మీరు అడగలేదా?"

"అడిగినాను. నన్నే తిరిగి అడుగుతాది, రత్నం ఎవలని. నాకేటి తెలుసమ్మా? వాన పడతాది. గేటు కాడ ఎవలో వెళ్ళిపోతన్నట్టు అవుపిస్తాది. తడిసిపోతాది గదా అని..."

మాట మధ్యలో ఆగిపోయారు. కాయ చేతిలోనే ఉంది. కళ్ళు ఎటో చూశాయి. "రత్నం, గొడుగట్టుకెళ్ళు" అన్నారు. ఆ గొంతులో ఎంత ఆపేక్ష ఉందంటే, వంటింట్లో గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడైంది. నాకు ఆవిడ మీద జాలేసింది. ఆయన మీదా వేసింది. ఆయన మళ్ళీ ఈ లోకంలోకి వచ్చి చిక్కుడుకాయ వలవడం మొదలుపెట్టారు.

క్రేను గురించి చెప్పించుకుంటూ కూర్చున్నాను. ఎనభై మెట్లు ఎక్కి పైకి పోతే సముద్రం ఎలా కనిపిస్తుందో చేతులతో చూపిస్తూ ఉండగా మళ్ళీ ఆగారు. "రత్నం, గొడుగట్టుకెళ్ళు." ఊరికే ఫోన్ చూశాను. ఏడు నలభై ఐదు.

మూడోసారి ఆయన ఆగినప్పుడు ఏడు యాభై.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఆయన మాటలు చెవిన పడుతున్నా వినకుండా, అంకెల్నే చూస్తూ కూర్చున్నాను. ఏడు యాభై నాలుగు. ఏడు యాభై ఐదు. పైడిరాజు గారి కళ్ళు ఎటో చూశాయి.

ఏ మనిషి గుండె అయినా గడియారం చూసుకుని తలుచుకుంటుందా? తలుచుకోదు. గడియారం చూసుకుని అడిగేది యంత్రం ఒక్కటే. అలాంటి యంత్రం మా ల్యాబులో ఒకటుంది, దానికి గడియారం తిప్పింది ఎవరో కూడా నాకు తెలుసు.

ఆటోలో ఎలా వెనక్కి వచ్చానో తెలియదు. వచ్చీ రాగానే కాపలా ప్రోగ్రాం తెరిచాను. దాన్ని భుజంగరావు గారు నాడి అనేవారట. ఏ వెబ్‌సైటుకైనా ఇది ఉంటుంది. సర్వరు బతికుందా పోయిందా తెలుసుకోవడానికి కొంతసేపటికొకసారి ఏదో ఒక పేజీని అడిగి చూస్తుంది. పేజీ వస్తే బతికున్నట్టు. ఇక్కడ సర్వరు ఒక్కటే బతికుంటే చాలదు, రోగి చెవి వెనకాల బిళ్ళ దాకా దారి తెరిచి ఉండాలి. అందుకని ఆయన ఆ అడగడమేదో బిళ్ళ చేతే అడిగించారు. అడిగే పేజీ అన్నిటికన్నా చిన్నది, తేలికైనది అయితే మంచిదని ఎంచుకున్నారు. పదకొండు వందల్లో అన్నిటికన్నా చిన్నది అర సెకను జ్ఞాపకం. వాన, గేటు, వెళ్ళిపోతున్న ఎవరో ఆడమనిషి. "రత్నం గొడుగు".

వెబ్‌సైట్లు నడిపి నడిపి మాకందరికీ ఉన్న అలవాటు ఇది. పేజీ అంటే పేజీయే. దాని అవతల ఒక తల ఉంటుందని, పేజీ అడిగినప్పుడల్లా ఆ తలలో వాన కురుస్తుందని తట్టలేదు. ఆయన గంటకోసారి అడిగించారు. గంటకోసారి అర సెకను వస్తే పైడిరాజు గారు పట్టించుకునేవారు కారు. జూన్ తొమ్మిదో తారీకు దాకా రిపోర్టులో రత్నం రోజుకి ఇరవై నాలుగు.

జూన్ పదో తారీకు నుంచి రోజుకి రెండు వందల ఎనభై ఎనిమిది.

జూన్ పదిన ఏం జరిగిందో నాకు బాగా గుర్తు. అది నేను చేరిన మూడో రోజు. సర్వరు పడిపోతే గంట దాకా తెలియకపోవడమేమిటి, ఇదేం పద్ధతి అని ఎగతాళి చేసి, అరవై అని ఉన్న చోట ఐదు అని దిద్దింది నేనే. ఏ పేజీని అడుగుతోందో చూడలేదు. దిద్ది, డాక్టరు గారికి చెప్పి మెప్పు కూడా పొందాను.

ఆరు నెలలు. ప్రతి ఐదు నిమిషాలకీ ఒకే మనిషిని కళ్ళ ముందు పెడితే ఎవరికైనా ఆ మనిషి మీద ప్రాణం పుడుతుంది. ఎవరో దారిన పోయే రత్నం మీద పైడిరాజు గారికి ప్రాణం పుట్టించింది నేను. ఆ ఇంట్లో మాటలు ఆపేసింది నేను. బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని, అద్దంలోకి చూడకుండా వచ్చేశాను.

నాడి అడిగే పేజీ మార్చేశాను. లోపల ఏ జ్ఞాపకమూ లేని ఖాళీ పేజీ ఒకటి తయారు చేసి పెట్టాను. ఐదు నిమిషాల పని. తొమ్మిది మందికీ మార్చాను. మిగతా ఎనిమిది ఇళ్ళలో ఈ ఆరు నెలల్లో ఏ వాన కురిసిందో, ఎవరితో ఎవరు మాట్లాడటం మానేశారో ఆలోచించడానికి ఆ రోజు ధైర్యం చాలలేదు. డాక్టరు గారికి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఎనిమిది మందికీ మనమే వెళ్ళి చెప్పాలి" అన్నారు. "ముందు ఈవిడకి చెప్పు."

గురువారం అప్పయ్యమ్మ గారు స్కూల్లో వంట ముగించుకుని మధ్యాహ్నం వచ్చింది. ఆయన్ని కూడా తీసుకొచ్చింది. ఆయన బయట వరండాలో నర్సుతో కబుర్లు చెబుతున్నారు.

"నిన్న సాయంత్రం కాణ్ణించి ఆ మాట రాలేదు" అందావిడ. "కానీ ఊరికే గుమ్మంలోకి సూస్తన్నాడు. రత్నం రాలేదేటి, వానొస్తాదేమో అని నన్నే అడుగుతన్నాడు. పొద్దున్న అన్నం కూడా తిన్నేదు."

"మరి మీరేమన్నారు?"

"ఏటంటాను? ఒచ్చింది, గొడుగట్టుకునే ఎల్లింది, తడవనేదులే అన్నాను. అప్పుడు తిన్నాడు."

ఇక ఆపుకోలేక తప్పంతా చెప్పేశాను. నాడి, ఐదు నిమిషాలు, అరవై దిద్ది ఐదు చెయ్యడం, అన్నీ. అర్థమయ్యేలా చెప్పానో లేదో కానీ, ఆవిడకి అర్థమైంది.

"అంటే ఆయన తల్సుకోనేదు. నువ్వు తల్సుకోబెట్టినావు."

"అవునమ్మా."

"ఆరు నెల్లు పాపా. ఆరు నెల్లు ఆయనకి అన్నం ఎట్టి ఎదర కూకోనేదు నాను. ఆ మనిసికి ఎందుకో కూడా తెల్దు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కిందికి జారలేదు. నన్ను కొట్టినా బాగుండేది. "సరే. రత్నం సంగతి అయింది. మరి నా సంగతి సెప్పు. నన్ను ఎన్నిసార్లు?"

భుజంగరావు గారి రెండు వరసలు గుర్తొచ్చాయి. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. పది వేలని చెబితే ఎవరు చూడొచ్చారు? కానీ అబద్ధపు అంకెతో ఆరు నెలలు బతికిన మనిషికి ఇంకో అబద్ధపు అంకె ఎలా ఇస్తాను?

"మీ పేరు లేదమ్మా. ఎక్కడా లేదు."

అప్పయ్యమ్మ గారు చాలా మామూలుగా అంది. "ఎలాగుంటాది? పెళ్ళయిన కాణ్ణించి ఒక్కనాడైనా నా పేరు ఎత్తినాడేటి? ఇదిగో అంటాడు. మా కాడ మొగోళ్ళు పెళ్ళాం పేరు ఎత్తరు గదా. ఆ పేర్లు ఎవలు ఎట్టినారు?"

"ఆయనే చెప్పారు. దాచేటప్పుడు ఒక్కొక్క జ్ఞాపకం ఆయన ఏ మాటలతో చెబితే ఆ మాటలే పేరుగా పెట్టారు."

"మరింకేటి. పరాయి మొగోడి ముందు పెళ్ళాం పేరు సెప్తాడా? పేర్లు సదువు నువ్వు. నాను సెప్తాను."

నేను పుట్టింది ఈ నేల మీదే, మా తాతయ్య కూడా మా మామ్మని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. అయినా సరే, గడిలో అప్పయ్యమ్మ అని కొట్టి, లేదనగానే లేదని నమ్మేశాను.

నాడి లెక్కగా ఐదు నిమిషాలకోసారి అడిగించినవన్నీ తీసేసి, ఆయన తనంతట తాను అడిగినవి మాత్రం వరసగా పెట్టాను. మొదటిది చదివాను.

"క్రేను మెట్లు."

"ఆ మెట్ల కింద క్యారేజీ అట్టుకుని నిలబడేదాన్ని. దిగొచ్చి తినేవోడు. నానే" అంది.

"వంతెన మీద చెప్పు తెగడం."

"నా సెప్పే. తనవి నాకిచ్చీసి ఒట్టి కాళ్ళతో నడిసినాడు."

"చేప కూర మాడిన రోజు."

ఆవిడ నవ్వింది. అప్పటిదాకా ఆగిన నీళ్ళు ఆ నవ్వుతో జారాయి. "ఇంకా మర్సిపోనేదా దాన్ని!"

"పెద్దాసుపత్రి వరండా."

"మా పెద్దపాప పుట్టినప్పుడు. లోపల నాను, బయట తను."

అలా ముప్ఫై దాకా చదివాను. "పోలమాంబ పండగ గాజులు", "కిరసనాయిలు క్యూ", "జొరం రాత్రి తడిగుడ్డ". రెండు మూడు తప్ప అన్నిట్లోనూ ఆవిడ ఉంది. ఒక దాని దగ్గర మాత్రం నోరు విప్పలేదు, సిగ్గుపడి "తర్వాతది సదువు" అంది. రిపోర్టంతా ఆవిడే. నేను చూసిన సున్నా ఆవిడది కాదు, నాది.

ఏదో ఒకటి చేసి ఈ మనిషి రుణం తీర్చుకోవాలనిపించింది. "అమ్మా, వీటన్నిటికీ మీ పేరు చేర్చేస్తాను. ఇకమీదట ఎవరు చూసినా తెలుస్తుంది" అని, "క్రేను మెట్లు" ముందు అప్పయ్యమ్మ అని కొట్టాను. కొత్త పేరు భద్రం చెయ్యమంటావా అని తెర అడుగుతోంది.

ఆవిడ ముందుకి వంగి, తెర మీద పైడిరాజు గారి పేరు కింద తన పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. మునివేలితో తాకి చూసింది. పెళ్ళి శుభలేఖ తర్వాత తన పేరు అచ్చక్షరాల్లో ఆయన పేరుతో ఒకచోట చూడటం ఇదే మొదటిసారి అంది. ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. తర్వాత ఏదో అనుమానం వచ్చినట్టు ఆగింది.

"ఇలాగ రాస్తే ఆయనకి దొరుకుతాదా?"

నా వేలు మీట మీదే ఆగిపోయింది. ఈ ప్రశ్న నేను వేసుకోవలసింది. ఆయన తల ఏ మాటలతో దాచిందో ఆ మాటలతోనే అడుగుతుంది. పేరులో ఒక్క అక్షరం మారినా ఆ పేజీ లేదని జవాబు వెళుతుంది. ఆరు నెలల్లో రెండోసారి, ఏ తల అవతల ఉందో చూడకుండా దిద్దబోయాను.

"దొరకదమ్మా. ఆయన మాటలతో ఉంటేనే దొరుకుతుంది."

బయట వరండాలోంచి పైడిరాజు గారి గొంతు వినిపించింది. ఎనభై మెట్ల మీది నుంచి సముద్రం ఎలా ఉంటుందో నర్సుకి చెబుతున్నారు. ఆవిడ అది కాసేపు వింది.

"అయితే తీసీ" అంది.

"నిజంగానా?"

"తీసీ పాపా. ఆయనకి దొరకాల గానీ, నా పేరేటికి?"

చెరిపే మీట నొక్కాను. ఆవిడ పేరు చివరి నుంచి ఒక్కొక్క అక్షరమే పోయింది. పూర్తిగా పోయేదాకా ఆవిడ చూస్తూనే ఉంది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని, చాలా నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా కోరాడ అప్పయ్యమ్మ అని రాసి పెన్ను నాకిచ్చింది.